గాలికి డబ్బుల్లేవు

సామర్లకోటలో మా సైకిలు కొట్టుకి బోర్డంటూ ఎప్పుడూ లేదు. స్టేషను బయట "మేస్త్రిగారి కొట్టెక్కడండీ?" అనడిగితే రిక్షావాళ్లే చూపించేవారు. పేరు రాయిద్దామని నేను రెండుసార్లు కదిపి చూశాను. "టైరు వేలాడదీశాం కదరా, అంతకంటే ఏం రాస్తావు?" అన్నారు నాన్న. ఆ పాత డన్‌లప్ టైరు ఇప్పటికీ చూరుకి వేలాడుతూనే ఉంది.

ఈ పనిలో ముప్పై ఏళ్లు నాన్న పక్కన కూర్చున్నాను. 2019లో ఆయన పోయారు. అప్పట్నుంచీ ఒక్కణ్ణే.

మాది జంక్షను ఊరు. హౌరా నుంచి చెన్నై పోయే లైను మీద కాకినాడ బ్రాంచి ఇక్కడే విడిపోతుంది. తమ ఊరిని మెయిన్ లైన్లో కలపమని కాకినాడవాళ్లు ఏళ్ల తరబడి అడుగుతున్నారు. న్యాయమైన కోరికే. కానీ ఇక్కడ బండి మారే జనం మీద బతికినవాళ్లం మేం. దేవుడు ఆ మొర కాస్త ఆలస్యంగా వింటే బాగుణ్ణని లోలోపల అనుకున్న రోజులున్నాయి. బండికి ఇంకా రెండు మూడు గంటలుందంటే చాలు, మా దగ్గర అద్దె సైకిలు తీసుకుని భీమేశ్వరస్వామి దర్శనానికి వెళ్లొచ్చేవారు. పంచారామాల్లో ఒకటి, చాళుక్య భీముడు కట్టించిన గుడి. లింగం 14 అడుగులు. కింద అంతస్తులో మొదలై పై అంతస్తులోకి లేస్తుంది, అభిషేకాలు పైనే చేస్తారు. "కింద ఒక దణ్ణం, పైన ఒక దణ్ణం పెట్టుకుని రండి. అద్దె మాత్రం ఒకటే" అని సాగనంపేవారు నాన్న. కార్తీకమాసంలో మా పన్నెండు సైకిళ్లూ కొట్టులో నిలిచేవి కావు.

తెలిసినవాళ్లయితే పుస్తకంలో పేరు రాసుకుని ఇచ్చేయడమే. కొత్త మొహమైతే ఏదో ఒక వస్తువు ఉంచి వెళ్లాలి. గొడుగు, టార్చిలైటు, రైలు టిక్కెట్టు, ఏదైనా సరే. ఒకాయన జేబులు తడుముకుని ఏమీ దొరక్క పళ్లసెట్టు తియ్యబోతే నాన్న లేచి దణ్ణం పెట్టారు. "వద్దు బాబూ, ఊరికే తీసుకెళ్లండి" అన్నారు. అలాగే ఒక కార్తీక సోమవారం సాయంత్రం ఒకాయన చేతి వాచీ విప్పి బల్ల మీద పెట్టాడు. హెచ్చెమ్టీ, తెల్ల డయలు, తోలు పట్టా. ఏడో నంబరు సైకిలు తీసుకెళ్లాడు. తిరిగి రాలేదు.

ఆ రాత్రి పదకొండు దాకా కొట్టు తీసే ఉంచారు. మర్నాడు పోలీసులకి చెబుదామంటే, "ఏ కష్టమొచ్చిందో ఏంటో. వాచీ ఉందిగా" అన్నారు. పోనీ ఆ వాచీ అమ్మితే సైకిలు ఖరీదులో సగమైనా వస్తుంది కదా అంది అమ్మ. "అది మనది కాదే, మన దగ్గరుంది" అన్నారు. సొరుగులో పెట్టారు. కీ ఇవ్వకపోతే లోపల మరలు బిగుసుకుపోతాయని పొద్దున్నే కొట్టు తీయగానే దానికి కీ ఇవ్వడం అలవాటు చేసుకున్నారు.

పని సంగతికొస్తాను. సైకిలు కొట్టంటే జనానికి పంక్చరే కనిపిస్తుంది. మేస్త్రి పనితనం తెలిసేది బెండు తీయడంలో. పాత నల్ల సైకిళ్లకి ముందు చక్రానికి 32 పుల్లలు, వెనక చక్రానికి 40. బరువంతా వెనకే పడుతుంది కదా మరి. చక్రం గోతిలో పడి రిమ్ము వంకరపోతే సైకిలు తలకిందులుగా నిలబెట్టి చక్రం తిప్పుతాం. రిమ్ము పక్కన సుద్దముక్క కదలకుండా పట్టుకుంటే, ఇటు తోసుకొచ్చిన చోట మాత్రం మరక పడుతుంది. అక్కడ ఇటుపక్క పుల్ల వదులు చేసి, అటుపక్కది బిగించాలి. ఒక్కోసారికి పావు తిప్పు, అంతే. నాకు కుర్రతనంలో బిగించడమే తెలుసు. ఒక చోట సర్దేసరికి ఎదురుగా ఇంకోచోట వంకర వచ్చేది, చివరికి చక్రం కోడిగుడ్డయ్యేది. నాన్న నా చేతిలోంచి పానా తీసుకునేవారు. తంబూరా శ్రుతి చూసుకునే హరిదాసులాగా గోటితో ఒక్కో పుల్లా మీటుకుంటూ వెళ్లేవారు. బిగువుగా ఉన్నది ఖంగుమంటుంది. వదులైనది మొద్దుగా పలుకుతుంది. ఆ మొద్దు గొంతు దగ్గర ఆగి, "ఇదిగో, ఇది పని చెయ్యట్లేదు. దీని బరువు పక్కవాళ్లు మోస్తున్నారు" అనేవారు.

పంక్చరు కూడా నాకు తేలిగ్గా ఏమీ రాలేదు. పదమూడేళ్లప్పుడు పెద్దాపురం పాలాయన సైకిలుకి నా చేత్తోనే ప్యాచి వేశాను. నీళ్ల తొట్టిలో ముంచి చూశాను, బుడగ లేదు. పాలాయన వెళ్లిన అరగంటకి, క్యాన్లు కట్టిన సైకిలు నడిపించుకుంటూ మండుటెండలో వెనక్కొచ్చాడు. తుమ్మముల్లు టైరులోనే ఉండిపోయింది. ట్యూబు తీసినవాణ్ణి టైరు తడిమి చూడలేదు. నాన్న ఆయన ముందు నన్నొక్క మాట అనలేదు. విరిగిపోతాయనుకున్న పాలన్నీ తనే కొనేసి ఇంటికి పంపారు. అమ్మ రెండు రోజులు పాలకోవా చేసింది. ఆయన వెళ్లాక నా చెయ్యి పట్టుకుని చూపుడువేలు టైరు లోపల చుట్టూ తిప్పించారు. గుచ్చుకుంది, రక్తం వచ్చింది. "దొరికిందా?" అన్నారు. ఆ తర్వాత వేలు తిప్పకుండా నేను ట్యూబు ఎక్కించింది లేదు.

1996 నవంబరు 6 తుపాను తర్వాత రోడ్లన్నీ చెట్లే. బస్సుల్లేవు, కరెంటు లేదు. కోనసీమలో తమవాళ్లు ఏమయ్యారోనని జనం సైకిళ్ల మీదే బయల్దేరారు. కూలిన మానులు అడ్డం వస్తే సైకిలు భుజానికెత్తుకుని దాటినవాళ్లున్నారు. నాన్న పెట్రోమాక్సు వెలిగించి రెండు రాత్రులు కూర్చున్నారు. అద్దె పుస్తకంలో ఆ వారం పేర్లున్నాయి. పక్కన డబ్బు రాసే గడి ఖాళీ.

గాలికైతే ఆయన ఎవరి దగ్గరా పైసా పుచ్చుకోలేదు. పంపు బయటే ఉండేది, ఎవరి గాలి వాళ్లు కొట్టుకోవచ్చు. "మీ నాన్నకి అమ్మడం రాదురా, గాలి కూడా అమ్ముకోలేడు" అనేది అమ్మ. ఆవిడ కోపం ఊరికే కాదు. లూనాలు, టీవీయస్‌లు వచ్చినప్పుడు ఆ పని నేర్చుకోమని ఊరంతా చెప్పింది. పెట్రోలు వాసన పడదన్నారు నాన్న. అద్దె సైకిళ్లు పన్నెండు కాస్తా ఏడయ్యాయి, ఏడు మూడయ్యాయి. మా దగ్గర పని నేర్చి మోటారు పనికి మళ్లిన కుర్రాడు మేడ కట్టాడు. ఈ విషయంలో నాన్నది తప్పేనని ఆయన ముందే అన్నాను, ఇప్పుడూ అంటాను.

2017లో బడికొస్తా పథకం కింద తొమ్మిదో తరగతి ఆడపిల్లలకి ప్రభుత్వం సైకిళ్లిచ్చింది. ఆ ఏడాది ఆయన మొహం చూడాలి. కొత్త చక్రం నెలరోజులు తిరిగాక పుల్లలు సర్దుకుని వదులవుతాయి, అప్పుడొకసారి బిగించి తీరాలి. బడి వదిలే వేళకి స్టూలేసుకుని కొట్టు ముందు కూర్చునేవారు. "ఆగమ్మా, ఒక్క నిమిషం" అని పిల్లల్ని ఆపి చక్రం ఎత్తి తిప్పేవారు. అప్పటికి కంటిచూపు సగమే. గోటితో మీటి చెప్పేవారు, నేను బిగించేవాణ్ణి.

2020 జూన్ 3, ప్రపంచ సైకిల్ దినోత్సవం నాడే అట్లాస్ వాళ్ల ఫ్యాక్టరీ మూతపడింది. మా అద్దె సైకిళ్లలో సగం అట్లాసులే. ఆ వార్త వినడానికి ఆయన లేకపోవడమే మంచిదయింది.

నేనిప్పుడు గేరు సైకిళ్లు, డిస్కు బ్రేకులు నేర్చుకున్నాను. మోటారు సైకిళ్ల పంక్చర్లూ వేస్తున్నాను. కంప్రెసరు కొన్నాను. కరెంటు బిల్లు కట్టాలి కాబట్టి మోటారు బళ్ల గాలికి డబ్బులు తీసుకుంటాను. సైకిలుకి తీసుకోను.

వాచీ ఇంకా నడుస్తోంది. పట్టా ఒక్కటే రెండుసార్లు మార్చాం. వెనక మూత మీద రెండక్షరాలు చెక్కి ఉన్నాయి. అవేంటో చెప్పగలిగినవాళ్లు ఎప్పుడైనా రావచ్చు. పొద్దున్న ఏడున్నరకల్లా కొట్టు తీస్తాను. సైకిలు సంగతి అడగను.