లేసు సూది – కడలి భూతం

చేతిపనులు రెండు విధాలు. కూలికి చేసేవి కొన్ని, కూతురికి చేసేవి కొన్ని. సూది ఒకటే, దారం ఒకటే, వేళ్ల కదలికా ఒకటే. కాని మొదటి దానిలో పని ముగియగానే వస్తువు ఇల్లు విడిచిపోతుంది. రెండవ దానిలో ఇంటనే నిలుస్తుంది. మా అమ్మ నలభై యేండ్లు లేసు అల్లింది. ఆమె అల్లిన గుడ్డ మా ఇంట ఒక్క బల్లమీదనైనా పరచి ఉండగా నేను చూడలేదు. అటువంటి ఇంట పుట్టిన నేను, ఉపాధ్యాయినిగా పదవీ విరమణ చేసిన పిదప మళ్లీ సూది చేతపట్టి అల్లిన తొలి వస్తువు ఒక బొమ్మ. అది కూడా ఏ చిలుకయో, కుందేలో కాదు. సముద్రగర్భంలో నిద్రించే ఒక భూతం.

గోదావరి కడలిని చేరే తావున ఉన్న నరసాపురం ప్రాంతానికి ఈ అల్లిక 1844 ప్రాంతంలో క్రైస్తవ మిషనరీల ద్వారా వచ్చిందని చెబుతారు. ఇరవయ్యవ శతాబ్ది ఆరంభం నాటికే అది వేలాది స్త్రీలకు పనిగా మారింది. దీనికి మగ్గం అక్కరలేదు. వేరొక గది అక్కరలేదు. కొనకు చిన్న కొక్కెం ఉన్న ఉక్కు సూది, ఒక నూలు దారపు ఉండ ఉంటే చాలు. పొయ్యిమీద అన్నం ఉడికేలోగా ఒకటి రెండు పువ్వులు అల్లి పక్కన పెట్టవచ్చు. ఈ సౌకర్యమే ఆ పనికి శాపమైంది. ఇంటిపట్టున, వంటకూ వడ్డనకూ నడుమ చేసే పని గనుక అది పనే కాదన్నారు. ఊరక కూర్చున్న ఆడవారి కాలక్షేపమన్నారు. కాలక్షేపానికి కూలి ఎంత ఇస్తారు?

జర్మనీకి చెందిన సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ మా ప్రాంతానికి వచ్చి, ఈ స్త్రీలతో మాట్లాడి, 1982లో ఒక గ్రంథం ప్రచురించింది. ప్రపంచ విపణికి సరకు తయారుచేసే శ్రామికులను ‘గృహిణులు’ అన్న ఒక్క మాట చాటున దాచివేశారన్నది అందులోని ప్రధాన వాదం. ఆ పుస్తకం నాకు ఉద్యోగంలో చేరిన తరువాత దొరికింది. చదువుతున్నంతసేపూ మా వీధి అరుగులే కంటికి కనిపించాయి. పువ్వులు అల్లేవారు ఒకరు. వాటిని ఒకదానికొకటి కలిపే అతుకుపని వారు వేరొకరు. అందుచేత పూర్తయిన బల్లగుడ్డ ఎలా ఉంటుందో పువ్వు అల్లిన ఇల్లాలికి తెలియకపోవడమూ కద్దు. మా అమ్మది పువ్వుల పని. ఏజెంటు ఇచ్చిపోయిన దారానికి లెక్క అప్పగించి, చేతిలో పడిన డబ్బును చీరకొంగున ముడివేసుకొనేది. ఆ ముడిలో నుండే నా పరీక్ష రుసుము వచ్చింది.

ఎనిమిదవ యేటికే నాకు అల్లిక పట్టుబడింది. నేర్పినవారు లేరు, చూచి నేర్చుకొన్నదే. పదవ తరగతికి వచ్చిన నాడు అమ్మ నా చేతిలోని సూది తీసుకొని, “నాకు తప్పలేదు. నీకెందుకే ఇది? పో, పుస్తకం తియ్యి” అన్నది. ఆ మాట విసుగుతో అన్నది కాదు. అప్పటికే ఆమె దారం కొనను కంటికి దూరంగా పట్టి చూస్తుండేది. తరువాత నలభై ఆరేండ్లు నేను సూది ముట్టలేదు. ముట్టకపోవడమే ఆమెకు నేను తీర్చిన ఋణమని భావించేదాన్ని.

2025 జనవరిలో అమెరికాలోని ప్రావిడెన్స్ నగరంలో ఉన్న మా అమ్మాయి ఇంటికి వెళ్లాను. మా మనుమరాలు అక్కడి విశ్వవిద్యాలయంలో చదువుతున్నది. మంచు కురుస్తున్నందున బయటికి అడుగు పెట్టే వీలులేదు. ఒకనాడు ఆమె వచ్చి, “అమ్మమ్మా, నీకు క్రోషే వచ్చటగా! నాకు క్థుల్హూ బొమ్మ చేసి పెట్టవూ?” అని అడిగింది. ఆ పేరు రెండుమార్లు చెప్పించుకొన్నాను. అది మానవ కంఠానికి పలకరాని పేరని దాని సృష్టికర్తే వ్రాసుకొన్నాడట. ఒత్తులకు అలవాటుపడిన తెలుగు నాలుకకు అదేమంత కష్టమో నాకు బోధపడలేదు.

ఆ సృష్టికర్త హోవర్డ్ ఫిలిప్స్ లవ్‌క్రాఫ్ట్. 1890లో ఆ ప్రావిడెన్స్‌లోనే జన్మించి, 1937లో అక్కడే కన్నుమూశాడు. ఆయన వ్రాతప్రతులు నేడు బ్రౌన్ విశ్వవిద్యాలయంలోని జాన్ హే గ్రంథాలయంలో భద్రంగా ఉన్నాయి. క్థుల్హూ కథ 1928 ఫిబ్రవరిలో ‘వియర్డ్ టేల్స్’ పత్రికలో వెలువడింది. తలయంతా అష్టపాదిని పోలి, ముఖం నిండా సర్పాలవంటి తంతువులతో, వీపున చిన్న రెక్కలతో, కొండంత దేహంతో ఉండే ఈ భూతం దక్షిణ పసిఫిక్ సముద్రం అడుగున మునిగిన నగరంలో నిద్రిస్తూ ఉంటుంది. అది మేల్కొన్ననాడు మానవజాతికి అంత్యకాలమే.

మన రాక్షసులకూ దీనికీ పెద్ద భేదం ఉంది. మన రాక్షసునికి ఆకలి ఉంది, అలక ఉంది, బంధుప్రీతి ఉంది. 1957 నాటి ‘మాయాబజార్’ చిత్రంలో ఎస్.వి. రంగారావు ఘటోత్కచుడుగా పెండ్లివారి భక్ష్యాల ముందు కూర్చుంటే, పిల్లలు భయపడడం మాని నోరూరించుకొన్నారు. క్థుల్హూకు మానవునిపై కోపం కూడా లేదు. మనం దానికి లెక్కలోనే లేము. కథలోని భయమంతా అక్కడే ఉంది. ఎరుగనివారి ఉపేక్ష కోపం కన్న కఠినమన్న సంగతి లేసు అల్లిన ఇండ్లవారికి కొంత తెలుసు. సముద్రాలకు ఆవల మా పువ్వులు పరచిన బల్లలవద్ద భోజనం చేసినవారికి మేము ఉన్నట్లే తెలియదు గదా!

బొమ్మకు ముందు కథ చదవాలని పట్టుబట్టి, మనుమరాలి చేత చదివించుకొన్నాను. చదువుతూ చదువుతూ ఆమె రెండు మూడు చోట్ల తడబడింది. ఆ భూతాన్ని కొలిచేవారంతా నల్లనివారు, సంకరజాతి నావికులు, ‘అనాగరికులు’. భూతం కదిలిన వేళ ఇండియాలో జనం అలజడి చెందినట్లు ఒక వాక్యం కూడా అందులో ఉంది. లవ్‌క్రాఫ్ట్ జాతిద్వేషం ఆయన ఉత్తరాలలో మరింత బాహాటంగా కనిపిస్తుందట. ప్రపంచ ఫాంటసీ పురస్కారానికి గుర్తుగా ఇస్తూ వచ్చిన ఆయన శిరోప్రతిమను నిర్వాహకులు 2015లో విరమించుకొన్నది అందువల్లనే. “నీకు బాధగా ఉంటే వద్దులే అమ్మమ్మా” అన్నది పిల్ల. నాకు బాధ కలగలేదనను. కాని మరొక సంగతి మనసున నాటుకొన్నది. ఆ పత్రికవారు రచయితలకు పదానికి ఇంతని లెక్కకట్టి ఇచ్చేవారు. ఈ కథనే సంపాదకుడు మొదట త్రిప్పి పంపాడు. ఇతరుల వ్రాతలు దిద్ది, ఇతరుల పేర కథలు వ్రాసి, పేదరికంలోనే ఆయన కాలం గడిపాడు. దారానికి కూలి పుచ్చుకొన్నది మా అమ్మ. పదానికి కూలి పుచ్చుకొన్నది ఆయన. మాబోటివారిని చూచి జంకిన ఆ మనిషి భూతాన్ని గోదావరి చేతులతో అల్లితే ఎలా ఉంటుందో చూడాలనిపించింది.

దారం దుకాణంలో పాచిరంగు ఊలు తీసుకొన్నాం. అక్కడి సూది చూచి నవ్వు వచ్చింది. మా లేసు సూది మొన దాదాపు ఒక మిల్లీమీటరు. ఇది మూడున్నర మిల్లీమీటర్లు. గడ్డపార పట్టుకొన్నట్లున్నది. ఇట్టి బొమ్మలను జపనీయులు ‘అమిగురుమి’ అంటారు. అల్లిక అనే మాటనూ, కూరి కుట్టిన బొమ్మ అనే మాటనూ కలిపి చేసిన పేరు అది. లేసు పరచుకోవడానికి అల్లేది. ఇది పొంగడానికి అల్లేది. కిటుకంతా లెక్కలో ఉంది. దారాన్ని వలయంగా చుట్టి అందులో 6 కుట్లు వేయాలి. తరువాతి వరుసలో 12, ఆపైన 18, 24, 30, 36. వరుసకు 6 చొప్పున పెంచినంతకాలం అల్లిక పళ్లెంవలె పరచుకొంటుంది. పెంచడం మానితే అంచులు లేచి గిన్నె అవుతుంది. తగ్గిస్తూ వస్తే కుండ మెడవలె ముడుచుకొంటుంది. ఆ మెడ మూసుకొనే లోపుగా దూది కూరాలి. లేసులో ఒక పువ్వు ముగియగానే దారం తెంచుతాం. ఇందులో వరుస ముగియదు. మరచెట్టు మెట్లవలె చుట్టుకొంటూ పైకి పోతుంది. ఎక్కడ మొదలైనదో తెలియడానికి రంగుదారం ముక్క గుర్తుగా పెట్టుకోవాలి.

తల ఒక పూటలో అయింది. అసలు పని ముఖాన వ్రేలాడే చేతులది. పదిహేను గొలుసుకుట్లు వేసి, తిరిగివచ్చేటప్పుడు ఒక్కొక్క గొలుసులో రెండేసి కుట్లు వేస్తే ఒక అంచున 15, మరొక అంచున 30 అవుతాయి. పొడవైన అంచుకు సాగడానికి చోటు లేదు. అందుచేత అది తనంతట తానే మెలి తిరుగుతుంది. తీగెను ఎవరూ వంచనక్కరలేదు, లెక్కయే వంచుతుంది. అమ్మ అల్లిన లేసు అంచులలోని కుచ్చుల రహస్యం ఇదే. కార్నెల్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన లాత్వియా దేశపు గణితవేత్త డైనా తైమిన్యా 1997లో ఈ పద్ధతితోనే, అంచు అంతకంతకూ విస్తరించే అతిపరవలయ తలాన్ని క్రోషేతో అల్లి, విద్యార్థుల చేతికిచ్చింది. అంతకుమునుపు కాగితపు నమూనాలు ఉండేవిగాని అవి ఇట్టే చిరిగిపోయేవట. ఈ మాట మనుమరాలు చెప్పినపుడు, పువ్వు అంచున ఎన్ని కుట్లు పెంచితే ఎన్ని కుచ్చులు వస్తాయో వ్రేలితో లెక్కించి చెప్పే మా వీధి ఇల్లాండ్రు నాకు గుర్తుకు వచ్చారు. వారిలో సగంమందికి సంతకం రాదు.

భూతానికి కన్నులు పెట్టడం వద్ద మా ఇద్దరికీ కొంత వాదం జరిగింది. పైకి పెట్టితే ముఖం క్రూరంగా ఉన్నది. ఆమె వాటిని క్రిందికి జరిపి, ఎడం పెంచింది; అంతలో అది పాలు త్రాగే పసివాడైంది. పెద్ద నుదురు, దిగువన ఉన్న విశాలమైన కన్నులు, గుండ్రని చెంపలు చూడగానే పెద్దవారిలో పసిపిల్లలపై కలిగే మమకారం మేల్కొంటుందని 1943లోనే కొన్రాడ్ లోరెంజ్ అనే శాస్త్రజ్ఞుడు వివరించాడు. లోకాన్ని అంతమొందించే భూతం నాలుగు కుట్లు దిగువకు కన్ను జరిపేసరికి ఒడిలో కూర్చున్నది. రెక్కలు అరచేతిలో పట్టేంత చిన్నవిగా అల్లాను. బొమ్మ పూర్తి అయినాక మనుమరాలు కొలబద్ద తెచ్చి కొలిచి చూచి కేక వేసింది. ఏడున్నర అంగుళాలు! ఆ కథలోనే, మడుగుల నడుమ దొరికిన రాతి విగ్రహం ఒకటి వస్తుంది. దాని ఎత్తు ఏడు, ఎనిమిది అంగుళాల మధ్య అని రచయిత చెప్పాడు. ఆయన కూడా ఆ కొండంత భూతాన్ని మొదట బల్లమీద పట్టేంత బొమ్మగానే చూపాడన్నమాట.

బొమ్మ గ్రంథాలయం దాకా వెళ్లి వచ్చింది. మరునాడే ఆమె స్నేహితురాండ్రు నలుగురు తమకూ కావాలని కబురు పంపారు. వెల ఎంతైనా ఇస్తామన్నారు. ఇక్కడ నాకు అమ్మ ఏజెంటు గుర్తుకు వచ్చాడు. “వెల కట్టు” అన్నాను మనుమరాలితో. బొమ్మకు పట్టిన కాలం 22 గంటలు. ఆ రాష్ట్రంలో 2025లో కనీస వేతనం గంటకు 15 డాలర్లు. కూలి మాత్రమే 330 డాలర్లు. ఊలు, దూది ఖరీదు వేరు. పిల్ల ఆ కాగితం వంక చాలాసేపు చూచి, “సంతలో ఇవి నలభై డాలర్లకు దొరుకుతాయి అమ్మమ్మా” అన్నది.

ఎలా దొరుకుతాయో చెప్పాను. స్వెట్టర్ల అల్లికలో వందల కుట్లు ఒకేసారి సూదులమీద వరుసగా నిలిచి ఉంటాయి. కనుక యంత్రం దానిని సులువుగా పట్టుకొన్నది. క్రోషేలో ఏ క్షణానైనా బ్రతికి ఉండే కుట్టు ఒక్కటే. సూది ప్రతిసారీ వెనుకటి అల్లికలో తాను దూరవలసిన రంధ్రాన్ని వెదకుకోవాలి. అచ్చమైన క్రోషేను వాణిజ్యస్థాయిలో అల్లే యంత్రం ఇంతవరకూ రాలేదు. దుకాణంలో వ్రేలాడే క్రోషే చొక్కా ఎంత చవుకగా ఉన్నా, దానిలోని ప్రతి కుట్టూ ఎక్కడో ఒకరి చేయి వేసినదే. నరసాపురం క్రోషే లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించింది. సంతోషించాను. ఇకమీదట వేరొక చోటి సరకును ఆ పేరిట అమ్మడం కుదరదు. పువ్వు అల్లిన వ్రేళ్లకు దక్కేది ఎంతన్నది మాత్రం ఆ గుర్తింపు పత్రం చెప్పదు.

మనుమరాలు ఆ కాగితాన్నే స్నేహితురాండ్రకు చూపింది. ముగ్గురు మర్యాదగా మానుకొన్నారు. నాలుగవ అమ్మాయి మాత్రం ఒక ఆదివారం మంచులో నడిచి వచ్చి, నేర్పమని నా ఎదుట కూర్చున్నది. తెలుగు రాదు; నాకు ఆమె ఇంగ్లీషు సగమే అర్థమవుతుంది. సూది పట్టిన ఆమె చేతిని నా చేతితో పట్టుకొని 6 కుట్లు వేయించాను, తరువాత 12. మూడవ వరుసలో ఆమె నోటిలో తనకు తెలియకుండానే లెక్క మొదలైంది. నేను తిరిగి వచ్చే నాటికి తల పూర్తి చేసి, రెండు చేతులు కుట్టింది. మిగిలిన చేతులు అల్లుతున్నానని మనుమరాలి చేత ఫొటోలు పంపిస్తూ ఉంటుంది. మొన్న వచ్చిన దానిలో ఐదు ఉన్నాయి.