తోరణం ఒకటే... అచ్చులెన్నో!

మిఠాయి డబ్బా మీద అదే. పెళ్లి మండపం ముందు థర్మాకోల్‌తో నిలబెట్టేదీ అదే. నాయకుడి పుట్టినరోజు ఫ్లెక్సీలో ఆయనగారి నవ్వు వెనకాల కనిపించేదీ అదే! వరంగల్‌లో ఓ అరగంట తిరిగితే చాలు... కాకతీయ కళాతోరణం ఎన్నిసార్లు ఎదురవుతుందో లెక్కపెట్టడం కష్టం.

1962లో లాస్‌ఏంజెలెస్‌లోని ఓ గ్యాలరీలో ఆండీ వార్హోల్ ఇలాంటి పనే చేశాడు. క్యాంప్‌బెల్ కంపెనీ సూప్ డబ్బా బొమ్మలు 32 గీశాడు. రుచి పేరు తప్ప అన్నీ దాదాపు ఒకేలా ఉంటాయి. వాటిని కిరాణా కొట్లో సరుకులా బల్ల మీద వరసగా పేర్చారు. దగ్గర్లోని మరో గ్యాలరీవాళ్లు అసలు డబ్బాలే తెచ్చిపెట్టి, మా దగ్గరైతే చవక అంటూ వెక్కిరించారట! పాప్ ఆర్ట్ అడిగిందీ అదేగా... మనం కొంటున్నది వస్తువునా, దాని బొమ్మనా? తమాషా ఏంటంటే, 1996లో ఆ బొమ్మలు న్యూయార్క్ మోడర్న్ ఆర్ట్ మ్యూజియానికి చేరేసరికి వాటి విలువ సుమారు కోటిన్నర డాలర్లు. సరుకుని చూసి నవ్విన బొమ్మ తనే సరుకైపోయింది.

మరి ఓరుగల్లు బొమ్మ సంగతి? అసలుది చూడాలంటే స్టేషన్ దగ్గర ఆటో ఎక్కి కోటకు వెళ్లాలి. మట్టికోట, రాతికోట దాటి, ఊరి ఇళ్ల మధ్య నుంచి దారి. అక్కడికెళ్లాక చాలామంది తికమకపడతారు. తోరణం ఒక్కటి కాదు... నాలుగు! దిక్కుకొకటి. అచ్చు బొమ్మల్లో ఎప్పుడూ ఒక్కటే కనిపిస్తుంది కాబట్టి ఆ సంగతి తెలియదు.

అవి స్వయంభూ శివాలయానికి ద్వారాలు. 1323లో ఢిల్లీ సైన్యం కోటను గెలిచింది. గుడి నేలమట్టమైంది, ద్వారాలు మాత్రం మిగిలాయి. వాటిమీద దేవతల విగ్రహాలు లేకపోవడమే కారణమని చెబుతారు. ఉన్నవి హంసలు, మకరాలు, తామరమొగ్గలూ. అంటే మిఠాయి డబ్బా మీద మనం చూసేది లోపల గుడి లేని గుమ్మాన్నన్నమాట.

2014లో చిత్రకారుడు ఏలె లక్ష్మణ్ రూపొందించిన తెలంగాణ రాజముద్రలో చార్మినార్‌తో పాటు ఈ తోరణమూ చేరింది. దాంతో ప్రతి ప్రభుత్వ కాగితం మీదా దాని ముద్ర పడింది. 2024లో ఆ ముద్రను మారుస్తారన్న మాట రాగానే ఎంత దుమారం రేగిందో తెలిసిందే. బొమ్మ కోసం అంత గొడవపడ్డాం, మంచిదే. కానీ తోరణాల మధ్య ఆరుబయట పడి ఉన్న రాళ్ల గురించి అందులో పావువంతైనా మాట్లాడుకున్నామా?

ఎందుకంటే సందర్శకుల తీరు చూస్తే అదే అనిపిస్తుంది. వస్తారు, తోరణం ముందు నిలబడతారు, ఫోన్ ఎత్తుతారు, బొమ్మ సరిగ్గా వచ్చిందో లేదో చూసుకుంటారు. ఇంట్లో క్యాలెండర్‌లో ఉన్నట్టే వస్తే... పని అయిపోయినట్టే! దగ్గర్లోని ఖుష్‌మహల్‌ దాకా నడిచేవాళ్లు కొందరే.

ఈసారి వెళితే ఎండ ముదరకముందే వెళ్లండి. ఒక తోరణం దగ్గర మొదలుపెట్టి, ఎదురుగా ఉన్న తోరణం దాకా నడవండి. మధ్యలో విరిగిన స్తంభాలు, చెక్కిన దూలాలు, నందులు. వాటిని ఏ మిఠాయి డబ్బా మీదా అచ్చు వేయలేదు.