ప్లగ్గు ఎందుకు నల్లబడింది?

ఇది పదిహేనేళ్ల కిందటి మాట. మేమిద్దరం ఒకే బడిలో టీచర్లం. ఇద్దరమూ సుగాలీలమే. వేర్వేరు తండాల నుంచి వచ్చి బుక్కపట్నం డైట్‌లో ట్రైనింగ్ చేసినవాళ్లం. బత్తలపల్లెలో ఒక గది అద్దెకు తీసుకొని ఉండేవాళ్లం. బడి ఉన్న తండా అక్కడికి పన్నెండు కిలోమీటర్లు. బస్సు రోడ్డు మీద దించితే, లోపలికి నాలుగు కిలోమీటర్లు నడవాలి. అందుకని చెరి సగం డబ్బులు వేసుకొని పాత యమహా ఆర్‌ఎక్స్ 100 కొన్నాం.

ఆ బండ్లు మన దేశంలో 1985 నుంచి 1996 దాకా తయారయ్యాయి. మా చేతికి వచ్చేసరికి అది ఎంతమంది చేతులు మారిందో! అయినా ఇంజన్ గట్టిదే. ఒక్కటే జబ్బు. నెలలో కొన్ని రోజులు బాగా నడిచేది. కొన్ని రోజులు మిస్సింగ్ కొట్టి, పొగ కక్కి, మట్టిదారి మధ్యలో ఆగిపోయేది. ఎన్ని కిక్కులు కొట్టినా లేచేది కాదు. ప్లగ్గు ఊడదీస్తే కొన నల్లగా, జిడ్డుగా, తడిగా ఉండేది.

దానికి మేం నేర్చుకున్న వైద్యం ఒకటే. ఉప్పు కాగితంతో రుద్దడం, బట్టతో తుడవడం, మళ్లీ బిగించడం. రుద్దినా లేవకపోతే జేబులోని ఇంకో ప్లగ్గు పెట్టడం. చొక్కా జేబులో పెన్ను పక్కన ప్లగ్గు పెట్టుకొని తిరిగిన టీచర్లం బహుశా మేమే.

ఒకరోజు ఆ రెండో ప్లగ్గు కూడా చచ్చిపోయింది. శెనక్కాయ చెట్లు పీకే కాలం అది. తండాలో పెద్దవాళ్లంతా తెల్లారకముందే కూలికి పోయారు. మేం బండి తోసుకుంటూ బడి చేరేసరికి పన్నెండున్నర దాటింది. మధ్యాహ్న భోజనం బియ్యం ఉన్న గది తాళంచెవి మా జేబులోనే ఉంది. వంట చేసే అక్క పొయ్యి దగ్గర కట్టెలు పెట్టుకొని కూర్చునే ఉంది. పిల్లలు తట్టలు ఒళ్లో పెట్టుకొని మెట్ల మీద వరసగా కూర్చున్నారు. ఎవరూ ఏమీ అనలేదు. ఆ రోజు వాళ్లు అన్నం తినేసరికి రెండు దాటింది. మాకు ముద్ద దిగలేదు.

ఆ సాయంత్రమే బండిని బత్తలపల్లెలో మెకానిక్ భాయ్ దగ్గరికి తోసుకెళ్లాం. కొత్త ప్లగ్గు వెయ్యమన్నాం. ఆయన వెయ్యలేదు. "ప్లగ్గు మారిస్తే మల్లా అదే అయితాది సార్. దాన్ని నల్లగా చేసింది ఎవరో కనుక్కోవాల గదా" అన్నాడు. పాత ప్లగ్గులు రెండు మా చేతిలో పెట్టి చూడమన్నాడు.

ఆ సాయంత్రం ఆయన చెప్పినవే మేం నేర్చుకున్న మొదటి ఇంజన్ పాఠాలు. ఇంజన్ సరిగా మండుతుంటే ప్లగ్గు కొన వేయించిన శెనక్కాయ పప్పు రంగులో, పొడిగా ఉంటుంది. పొడి మసి పట్టి నల్లగా ఉంటే పెట్రోలు ఎక్కువ, గాలి తక్కువ. చోక్ తీయడం మరిచిపోయినా, ఎయిర్ ఫిల్టర్ దుమ్ముతో మూసుకుపోయినా అలా అవుతుంది. మా ఎర్రమట్టి దారుల్లో ఫిల్టర్ పూడిపోవడానికి ఎన్నో రోజులు పట్టదు. కొన తెల్లగా పాలిపోతే ఇంజన్ మరీ వేడెక్కుతోందని అర్థం. జిడ్డుగా, తడిగా నల్లబడితే అది ఆయిల్. రెండు స్ట్రోకుల ఇంజన్‌లో ఆయిల్ కూడా పెట్రోలుతో పాటే మండాలి. ఎక్కువైతే మండక ప్లగ్గు పింగాణీ మీద పేరుకుంటుంది. అప్పుడు కరెంటు ఆ సందును దూకి నిప్పురవ్వ ఇవ్వదు. మసి మీదుగా జారిపోతుంది. ప్లగ్గు షార్ట్ అయిందని అందరూ అనేది దాన్నే.

ఆయన ఒక్కొక్కటే పరీక్షించాడు. ప్లగ్గును రబ్బరు క్యాపులో పెట్టి, ఇంజన్ ఇనుముకు ఆనించి కిక్కు కొట్టాడు. నీలంగా రవ్వ వచ్చింది. కరెంటు బాగుంది. ఈ బండికి ఆయిల్ ట్యాంకు వేరే ఉంటుంది. పంపు తనే కావలసినంత ఆయిల్ పోస్తుంది. ఆ పంపు కేబుల్ గుర్తు దగ్గరే ఉంది. గేరు ఆయిల్ తగ్గలేదు, అంటే లోపలి సీలు కారడం లేదు. ఎయిర్ ఫిల్టర్ కడిగాడు. ప్లగ్గు సందు 0.6 మిల్లీమీటర్లకు సరిచేశాడు. ఇద్దరు ఎక్కి చిన్న గేరులో మెల్లగా పోతే ప్లగ్గు కొన వేడెక్కదని, సుమారు 450 డిగ్రీలు దాటితేనే దానిమీది మసి అదే కాలిపోతుందని చెప్పాడు. "అయినా ఇంత ఆయిల్ యాడ్నుంచి వస్తాందో నాకు తెలీలేదు సార్, మీరే కనిపెట్టండి" అన్నాడు.

రెండు వారాలు బండి బాగా నడిచింది. నెలాఖరుకు మళ్లీ అదే కథ. బడి ముందు వేపచెట్టు కింద ప్లగ్గు ఊడదీసి తుడుస్తున్నాం. మూడో తరగతి పిల్లవాడొకడు వచ్చి పక్కన నిలబడ్డాడు. తరగతిలో గోడకు ఆనుకొని కూర్చునేవాడు. ఏది అడిగినా తల దించుకొనేవాడు. వాడి పేరు ఎదురుగా రిజిస్టరులో మేం వేసిన గ్రేడు అన్నిటికంటే కిందిది. చదువు రాదని ఇద్దరమూ అనుకున్నాం.

వాడు ప్లగ్గు వాసన చూశాడు. గోర్ బోలిలో గబగబా చెప్పాడు. వాళ్ల యాడి నడిపే చిల్లర కొట్లో సీసాల్లో అమ్మే పెట్రోలు ఎక్సెల్ బండ్ల కోసమట. ఆ బండ్లకు ఆయిల్ పంపు ఉండదు కాబట్టి పెట్రోల్లోనే ఆయిల్ కలిపి పెడతారట. మీది యమహా కదా, మీ బండికి ఆయిల్ వేరే ఉంది కదా, ఇది ఎందుకు పోసుకుంటారు అని అడిగాడు.

మేం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. జీతం పడిన కొత్తలో బంకులో పెట్రోలు కొట్టించేవాళ్లం. నెలాఖరుకు డబ్బులు అయిపోయి ఆ కొట్లో సీసా పెట్రోలు అప్పుకు పోయించుకొనేవాళ్లం. బండి చెడేది కూడా నెలాఖరుకే. సీసాలో ఉన్న ఆయిల్ ఒకటి, పంపు పోసే ఆయిల్ ఇంకొకటి. ఇంజన్‌కు రెండింతలు పడుతోంది. ఇన్ని నెలలు ప్లగ్గు తుడిచాం గానీ ఏ రోజుల్లో చెడుతోందని ఒక్కసారి లెక్క చూసుకోలేదు.

మరునాడు దాన్ని తరగతిలో పరీక్ష చేశాం. పొయ్యికి దూరంగా, ఆరుబయట, ఒక కాగితం మీద బంకు పెట్రోలు చుక్క, ఇంకో కాగితం మీద సీసా పెట్రోలు చుక్క వేశాం. మొదటిది ఆరిపోయి కాగితం శుభ్రంగా మిగిలింది. రెండోదాని మీద బజ్జీల పొట్లం కాగితానికి అంటినట్టు జిడ్డు మరక మిగిలింది. ఎందుకో చెప్పమని గోర్ బోలిలో అడిగాం. బడిలో మేం ఆ భాష మాట్లాడడం అదే మొదటిసారి. గోడ దగ్గరి పిల్లవాడే ముందు లేచి చెప్పాడు.

మా సిగ్గు అక్కడే మొదలైంది. మేమూ చిన్నప్పుడు తెలుగు రాక తరగతిలో తలదించుకున్నవాళ్లమే. టీచర్లమయ్యాక, పిల్లలకు తెలుగు తొందరగా రావాలని మన భాషను గడప బయటే ఆపేశాం. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో గిరిజన పిల్లలకు మాతృభాషలో చదువు మొదలుపెట్టినప్పుడు ఎంచుకున్న భాషల్లో బంజారా కూడా ఉంది. ఆ సంగతి మాకు తెలుసు. మా తరగతికి అవసరమని మాత్రం అనుకోలేదు. పిల్లవాడు ఎందుకు మాట్లాడడం లేదో అడగకుండా గ్రేడు వేసి ఊరుకున్నాం.

ఆ పిల్లవాడు ఒక్కరోజులో మారిపోలేదు. తెలుగు చదవడం కూడబలుక్కొని రావడానికి ఏడాదిన్నర పట్టింది. అయితే ఆ ఏడాదిన్నరా వాడు మాట్లాడుతూనే ఉన్నాడు. ముందు మన మాటలో, తర్వాత తెలుగులో.

తండాల్లో ఇప్పటికీ పాత బండ్లు చాలా ఉన్నాయి. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, బండి ఆగితే ముందు ఇంజన్ చల్లారనివ్వండి. ప్లగ్గు చుట్టూ దుమ్ము ఊది తర్వాతే ఊడదీయండి, లేకపోతే మట్టి ఇంజన్‌లో పడుతుంది. తుడవకముందే రంగు చూడండి. పొడా, జిడ్డా, తెలుపా గుర్తుపెట్టుకోండి. రవ్వ చూసేటప్పుడు పెట్రోలు దూరంగా పెట్టండి. బిగించేటప్పుడు మొదటి చుట్లు చేత్తోనే తిప్పండి, మరలు చెడితే ఖర్చు ఎక్కువ. నిన్నమొన్నల్లో ఏం మారింది, ఏ పెట్రోలు పోశాం అని అడుక్కోండి. కొత్త ప్లగ్గు కొనడం ఆఖరి పని.

తోటి టీచర్లకు చెప్పేది కూడా ఉంది. మాట్లాడని పిల్లవాడి పేరు ఎదురుగా గ్రేడు వేసేముందు వాడి ఇంటి భాషలో ఒక్క ప్రశ్న అడగండి. ఆ భాష మనకు రాకపోతే తరగతిలో వచ్చిన పిల్లల చేత అడిగించండి.

ఆ బండి తర్వాత అమ్మేశాం. మేమిద్దరం వేరే వేరే బడులకు బదిలీ అయ్యాం. నల్లబడిన ఆ రెండు ప్లగ్గులు చెరొకటి తీసుకున్నాం. ఎక్కడికి బదిలీ అయినా అవి మా టేబుల్ సొరుగులో ఉంటాయి. పిల్లలు అదేంటని అడిగినప్పుడల్లా ఈ కథ చెబుతాం.