ఏడు బారల బావి

చాలా రోజులకు మళ్ళీ పెద్ద పోస్టు రాస్తున్నాను. నేను చదివింది తమిళ మీడియం, తెలుగు అక్షరాలు పెద్దయ్యాక నేర్చుకున్నవి. తప్పులుంటే సర్దుకుని చదవండి.

మా అక్క బావికి పెట్టిన పంపు ఫోటో చూసి ఎలా చేశారని కొందరు అడిగారు. చెప్తాను. అంతకు ముందు ఎలా చెడగొట్టానో కూడా చెప్పాలి.

సిరుగుప్ప తాలూకాలో మా పల్లెలో అక్క ఒక్కతే ఉంటుంది. డెబ్బై నాలుగేళ్ళు. నాన్న రైల్వే ఉద్యోగానికి జోలార్‌పేట పోతూ నన్ను బడికని వెంట తీసుకుపోయాడు. అక్కను అవ్వకు తోడుగా ఊళ్ళోనే ఉంచాడు. నేనక్కడ పుస్తకాలు మోసినన్నాళ్ళూ ఆమె ఇక్కడ బిందెలు మోసింది. పోయిన దీపావళికి పోతే ఎడమ చేతికి కట్టు ఉంది. బావి దగ్గర కాలు జారి పడిందట. పదిహేను రోజులైనా మాకెవరికీ చెప్పలేదు.

ఉన్న మోటారు కాయిల్ రెండుసార్లు కాలింది. పక్కింట్లో బోరు వేస్తే ఉప్పునీళ్ళు పడ్డాయి. చేతి పంపే నయమనుకున్నాను.

సంక్రాంతికి టేపు వదిలి చూస్తే నీళ్ళు 17 అడుగుల్లో ఉన్నాయి. గట్టు మీద బిగించే పాత పంపు ఒకటి గుజిరీలో కొని, వాషర్లు మార్చి, పైపు దించాను. నాలుగు తోపులకే నీళ్ళొచ్చాయి. వీధి వీధంతా వచ్చి చూసింది. అక్క మాత్రం, "ఇప్పుడు మూడున్నర బారలే కదప్పా. కాలువ నిలిపితే ఏడు బారలు పోతాది తాడు. అప్పుడూ వస్తాయా?" అంది.

"పైపు పొడుగు చేస్తే వస్తాయి లే అక్కా" అన్నాను.

తుంగభద్ర కాలువ పారినన్నాళ్ళే మా బావికి ఊట. మే నెలలో ఫోన్ చేసింది. "నీ పంపు ఉత్త గాలి పీలుస్తా ఉంది." పోయి కొలిస్తే సరిగ్గా 34 అడుగులు. పైపు అతికాను, వాషర్లు మార్చాను. చుక్క రాలేదు.

ఆ సాయంత్రం గట్టు మీద కూర్చుంటే ఎనిమిదో తరగతి పాఠం గుర్తొచ్చింది. మేం 'కాట్రళుత్తం' అని చదివాం, అంటే గాలి ఒత్తిడి. గాలి పాదరసాన్ని 76 సెంటీమీటర్లు నిలబెడుతుంది. పాదరసం నీళ్ళకంటే 13.6 రెట్లు బరువు. ఆ లెక్కన నీళ్ళను 10.3 మీటర్లు, అంటే సుమారు 34 అడుగులు. పైనుంచి మనం ఎంత లాగినా నీళ్ళను ఎక్కించేది బయటి గాలే, దాని బలం అంతవరకే. సముద్రమట్టం నుంచి ఎత్తుకు పోయేకొద్దీ అదీ తగ్గుతుంది. ఆ ఎత్తు ప్రతి స్టేషన్ పసుపు బోర్డు మీదా రాసి ఉంటుంది. ఉద్యోగమంతా వాటి కిందే తిరిగాను. వాషర్ల సందులు, జాయింట్లు కూడా కలుపుకుంటే అట్లాంటి పంపును 25 అడుగులు దాటి నమ్మకూడదు.

ఈ పాఠంలో నాకు మంచి మార్కులే వచ్చాయి. బావి లోతు మాత్రం బడికి పోని అక్కకు తెలుసు.

ఊళ్ళల్లో ఇండియా మార్క్ 2 బోరింగులు లోతు నుంచి నీళ్ళివ్వడానికి కారణం, వాటి సిలిండర్ కింద నీళ్ళలోనే ఉంటుంది. నేనూ అదే పద్ధతి పట్టాను. ఒక పీవీసీ పైపు బావి లోపలికి, దాని అడుగున వాల్వు. అందులో ఇంకో సన్న పైపు, దాని కొసనా వాల్వు, చుట్టూ సైకిల్ టైరు రబ్బరు వాషరు. వాల్వులంటే గోలీలే. నీళ్ళు తోస్తే గోలీ లేస్తుంది, ఆగితే కూర్చుని రంధ్రం మూస్తుంది. లోపలి పైపును పైకెత్తితే బయటి పైపులోకి నీళ్ళు చేరతాయి. కిందికి నొక్కితే అవే లోపలి పైపులోకి ఎక్కి, పిడిలోంచి బయట పడతాయి. పైపు అడుగు బురదకు రెండడుగులు పైన ఉండాలి. పైన అడ్డదూలానికి గట్టిగా బిగించాలి. బావి నోటికి ఇనుప జాలీ వేయించాను, అది మాత్రం ఎవరూ మానొద్దు. జాలీ కాక ఖర్చు రెండు వేలు దాటలేదు.

ఈసారి దించే ముందు అక్కను అడిగాను, ఎంత కరువులోనైనా తాడు ఎంత పోయిందని. "ఒకసారి ఎనిమిది" అంది. ఎనిమిది బారలకే పైపు కోశాను.

మొదటి బిందె ఆమే కొట్టుకుంది, మంచి చేత్తోనే. నిండాక "చెయ్యి నొయ్యలేదు" అంది. నేను గిలక విప్పబోతే వద్దంది. "నీళ్ళెక్కడున్నాయో తాడుకే తెలుస్తాది, ఉండనీ" అంది. అందుకే జాలీకి చిన్న మూత పెట్టించాను.

ఇప్పుడు ప్రతి సోమవారం ఫోన్లో బారలు చెప్తుంది, నేను రిజిస్టరులో రాసుకుంటాను. మొన్నటి లెక్క ఐదు.

ఎవరికైనా ఇట్లాంటిది కావాలంటే చెప్పండి, వచ్చి చేసిపెడతాను. ముందు మీ ఇంట్లో నీళ్ళు తోడేవాళ్ళను అడిగి, ఎండాకాలం తాడు ఎన్ని బారలు పోతుందో రాసి పంపండి.