ఆ గడిలో ‘లేదు’ అని పెట్టింది నేనే

ప్రపోజల్ ఫారంలో పొగాకు గురించి అడిగే చోటు చాలా చిన్నది. సిగరెట్, బీడీ, చుట్ట, గుట్కా, ఖైనీ ఏదైనా వాడుతున్నారా, వాడితే రోజుకు ఎంత, ఎన్నేళ్లుగా? ఒక్క వరుసలో అయిపోతుంది. దేవరకొండ, డిండి, కల్వకుర్తి దారిలో ఏళ్ల తరబడి పాలసీలు రాసిన నేను ఆ వరుస దగ్గర ఎప్పుడూ ఆగలేదు. ఎదురుగా కూర్చున్న మనిషి చొక్కా జేబులో సిగరెట్ పెట్టె కనిపిస్తున్నా ‘లేదు’ అని టిక్కు పెట్టి కింది ప్రశ్నకు వెళ్లిపోయేవాణ్ని. దానివల్ల ఒక ఇంటికి రావాల్సిన డబ్బు రాలేదు. పాలసీ తీసుకునేవాళ్లు, రాసేవాళ్లు ఇద్దరూ చదవాలని ఇది రాస్తున్నాను.

మా వైపు ఊళ్లలో బీమా అంటే ఏమిటో చాలామందికి తెలిసింది రైతు బీమాతోనే. 2018 ఆగస్టు 15న అది మొదలైంది. పట్టా భూమి ఉండి, 18 నుంచి 59 ఏళ్ల లోపు రైతు ఏ కారణంతో చనిపోయినా నామినీకి 5 లక్షలు వస్తాయి. మొదటి ఏడు ఒక్కో రైతు పేరిట 2,271 రూపాయల 50 పైసల ప్రీమియాన్ని ప్రభుత్వమే ఎల్‌ఐసీకి కట్టింది. ఎవరినీ పరీక్షకు పంపలేదు, బీడీ తాగుతావా అని ఎవరినీ అడగలేదు. ప్రధానమంత్రి జీవన జ్యోతి బీమా కూడా అంతే. బ్యాంకు ఖాతాలోంచి ఏడాదికి 436 రూపాయలు పోతాయి, 2 లక్షల కవరు ఉంటుంది, తాగేవాడికీ తాగనివాడికీ ఒకటే రేటు. లక్షల మందిని ఒక్క గుంపుగా చేర్చినప్పుడు నష్టం లెక్క గుంపు మొత్తం మీద వేస్తారు. ఒక మనిషి తనంతట తాను 50 లక్షల టర్మ్ పాలసీ అడిగితే లెక్క ఆ ఒక్కడి గుండె, ఊపిరితిత్తుల మీదికి వస్తుంది. ఈ తేడా నాకు తెలుసు. శిక్షణలోనే చెప్పారు. నేను మాత్రం ఎవరికీ విడమరిచి చెప్పలేదు, ఎందుకంటే చెప్పకపోతే పని త్వరగా అయ్యేది.

డబ్బు రాని ఆ ఇంటి మనిషి డీసీఎం డ్రైవర్. సీజన్‌లో తోటల నుంచి బత్తాయి లోడు ఎత్తుకుని రాత్రికి రాత్రి హైదరాబాద్ పండ్ల మార్కెట్‌కు చేర్చేవాడు. గుంట భూమి లేదు కాబట్టి రైతు బీమా వర్తించదు. భార్య, బడికి పోయే ఇద్దరు పిల్లలు, బండి మీద ఫైనాన్స్ కిస్తీ. అలాంటి మనిషికే టర్మ్ పాలసీ నిజంగా అవసరం. అతనే నన్ను వెతుక్కుంటూ వచ్చాడు, నేను వెంటపడలేదు.

“సిగరెట్లు, బీడీలు ఏమన్న ఉన్నయా తమ్మీ?” అని అడిగాను.

“ఉన్నయ్ అన్నా. రాత్రంత బండి నడపాలె గద, రోజుకొక పెట్టె అయితది.”

“అది రాస్తే ప్రీమియం పెరుగుతది. లేదని పెడుత. డాక్టర్ ఫోన్ చేసి అడిగితే నువ్వు గూడ గదే చెప్పు.”

అతను ఫారం వైపు చూశాడు. “ఏం గాదు గద అన్నా?”

“ఏం గాదు” అన్నాను.

ఆ మనిషి నిజం చెప్పాడు. అబద్ధం రాసింది నేను, అతనికి నేర్పింది నేను. కంపెనీ ఆ మొత్తానికి ల్యాబ్ పరీక్ష అడగలేదు, ఫోన్‌లోనే మెడికల్ ముగించింది. నేను చెప్పినట్టే అతను చెప్పాడు. ఆ రోజు నా ముందున్న కొటేషన్లలో తాగనివాడి రేటుకూ తాగేవాడి రేటుకూ తేడా నెలకు నాలుగు వందలు కూడా లేదు. రోజుకొక పెట్టె తాగే మనిషికి ఆ తేడా నాలుగైదు రోజుల సిగరెట్ ఖర్చు. అలా లెక్కగట్టి చెప్పి ఉంటే కట్టేవాడనే ఇప్పటికీ నా నమ్మకం. కమీషన్ ప్రీమియంలో వంతుగానే వస్తుంది కాబట్టి పెద్ద రేటు రాస్తే నాకే రెండు రూపాయలు ఎక్కువ మిగిలేవి. అయినా రాయలేదు. నెలాఖరు, టార్గెట్ నిండలేదు, రేటు వినగానే “ఇంట్ల అడిగి చెప్త” అని లేచిపోతాడేమోనన్న భయం. ఇంతకు మించి కారణం లేదు.

తాగేవాళ్ల దగ్గర కంపెనీలు ఎక్కువ ఎందుకు తీసుకుంటాయో కూడా నేను ఆలస్యంగానే చదివాను. 1964 జనవరిలో అమెరికా సర్జన్ జనరల్ నివేదిక, పొగతాగడం ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు కారణమని తేల్చింది. ఆ ఏడాదే అక్కడి స్టేట్ మ్యూచువల్ అనే కంపెనీ సిగరెట్ తాగనివాళ్లకు తక్కువ రేటు పెట్టింది. బ్రిటన్‌లో 1951 నుంచి డాక్టర్ల మీదే సాగిన పరిశీలన, సిగరెట్ తాగేవాళ్లు సగటున పదేళ్లు ముందే పోతున్నారని 2004లో లెక్క తేల్చింది. మన దేశం లెక్క 2008లో వచ్చింది. ప్రభాత్ ఝా బృందం ఊరూరా మరణాలను ఆరా తీసి, సిగరెట్ తాగే మగవాళ్లు సుమారు పదేళ్లు, బీడీ తాగే మగవాళ్లు సుమారు ఆరేళ్లు, బీడీ తాగే ఆడవాళ్లు సుమారు ఎనిమిదేళ్ల ఆయుష్షు పోగొట్టుకుంటున్నారని చెప్పింది. బీడీ ఆకుతో చుట్టిందే కదా, సిగరెట్ అంత హాని చేయదని మా దగ్గర పెద్దవాళ్లు ఇప్పటికీ అంటారు. బీమా ఫారంలో రెండూ ఒకే గడిలో ఉంటాయి.

పాలసీ ముప్పై, నలభై ఏళ్లు నడుస్తుంది కాబట్టి ఆ పదేళ్లు సరిగ్గా కంపెనీ డబ్బు చెల్లించాల్సిన కాలంలోకి వచ్చి పడతాయి. అందుకే చాలా చోట్ల రేటు ఒకటిన్నర రెట్ల దాకా పోతుంది, వయసు పెరిగినకొద్దీ ఎడం ఇంకా పెరుగుతుంది. ఎల్‌ఐసీ 2019లో తెచ్చిన జీవన్ అమర్, టెక్ టర్మ్ పాలసీల్లో ఈ సంగతి దాచకుండా రాసింది. మూత్రంలో కోటినిన్ పరీక్ష చేసి, ఫలితాన్ని బట్టే తాగనివాళ్ల రేటు ఇచ్చేవారు. మిగతా అందరికీ తాగేవాళ్ల రేటే. కోటినిన్ అంటే ఒంట్లో నికోటిన్ విరిగి తయారయ్యే పదార్థం, మానేసిన కొన్ని రోజుల వరకు కనిపిస్తుంది. గుట్కా, ఖైనీ నమిలినా కనిపిస్తుంది. మానడానికి వాడే నికోటిన్ చూయింగ్ గమ్‌తో కూడా బయటపడుతుంది కాబట్టి ఆ గమ్ వాడేవాళ్లు ముందే చెప్పుకోవాలి.

రెండో ఏడు గడవకముందే అతనికి గుండెపోటు వచ్చింది. లోడు దించి తిరిగి వస్తుంటే నొప్పి మొదలైంది. ఆసుపత్రిలో చేర్చేటప్పుడు తోడున్న క్లీనర్ డాక్టర్ అడిగినవాటన్నిటికీ జవాబు చెప్పాడు. రోజుకు ఒక పెట్టె, పదిహేనేళ్లుగా అని కేస్ షీట్‌లో ఎక్కింది. ఆ పిల్లవాడు చేసింది సరైన పనే, వైద్యం కావాలంటే డాక్టర్‌కు నిజమే చెప్పాలి.

అతను బతకలేదు. దినాలు అయినంక క్లెయిమ్ కాగితాలు నేనే పెట్టించాను. మూడేళ్ల లోపు మరణం అయితే కంపెనీ ఇన్వెస్టిగేటర్‌ను పంపుతుంది. అలా వచ్చినవాడు ఊళ్లో చాయ్ హోటల్ దగ్గర, పాన్ డబ్బా దగ్గర కూర్చుని మాటల్లో పెట్టి అంతా తెలుసుకున్నాడు. ఆసుపత్రి కాగితాలు తెప్పించుకున్నారు. కొన్ని వారాలకు ఉత్తరం వచ్చింది. పొగాకు అలవాటు దాచినందున క్లెయిమ్ తిరస్కరిస్తున్నాం, కట్టిన ప్రీమియం వాపసు ఇస్తున్నాం అని. 50 లక్షల చోట కొన్ని వేలు.

అతని భార్య ఆ ఉత్తరం పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. “అన్నా, ఆయన ఏం దాచిండు? నీకు తెల్వదా ఆయన తాగుతడని?” అని అడిగింది. కంపెనీ వాళ్లు అంతే చెల్లె, వాళ్లతోని ఏం చేయలేం అన్నాను. నేను చేసిన పనులన్నిటిలో నాకు అన్నిటికంటే సిగ్గు ఈ మాట గురించే. టిక్కు పెట్టినప్పుడు ఏం జరుగుతుందో తెలియదని అనుకోవచ్చు. ఈ మాట అన్నప్పుడు నాకు అన్నీ తెలుసు.

1938 నాటి బీమా చట్టంలో 45వ సెక్షన్‌ను 2015లో మార్చారు. పాలసీకి మూడేళ్లు నిండాక ఏ కారణం చూపినా దాన్ని ప్రశ్నించే వీల్లేదు. మూడేళ్ల లోపు మోసం జరిగిందనో, ముఖ్యమైన విషయం దాచారనో ప్రశ్నించవచ్చు. అయితే అదే సెక్షన్‌లో ఆమెకు పనికొచ్చే మాటలు రెండున్నాయి. దాచిన విషయం తెలిసి ఉంటే అసలు పాలసీయే ఇచ్చేవాళ్లం కాదని చూపించే బాధ్యత కంపెనీదే. తాగేవాళ్లకు పాలసీ ఇవ్వకపోవడం లేదు, రేటు పెంచి ఇస్తారు. వాదించడానికి అక్కడ చోటుంది. రెండోది నా గురించే. బీమా కుదిర్చే మనిషిని ఆ ఒప్పందం వరకు కంపెనీ ఏజెంటుగానే చూడాలని, కంపెనీకి ముందే తెలిసిన విషయాన్ని మోసమని చూపి తిరస్కరించరాదని ఉంది. అతను నాతో ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. నేను ముందుకొచ్చి, ఆయన చెప్పాడు, రాయనిది నేను అని ఒక్క కాగితం రాసిస్తే ఆమె చేతికి బలం వచ్చేది. తప్పకుండా గెలిచేదని అనను. అడగడానికైనా దారి ఉండేది.

లక్డీకాపూల్‌లో బీమా అంబుడ్స్‌మన్ కార్యాలయం ఉంది. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ఫిర్యాదులు అక్కడే వింటారు. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. కంపెనీ కాదన్న ఏడాది లోపు పోవాలి. నాకు ఇది తెలుసు. ఆమెకు చెప్పలేదు. ప్రపోజల్‌తో పాటు ఏజెంట్ ఇచ్చే రహస్య నివేదిక ఒకటి ఉంటుంది, మనిషి అలవాట్ల గురించి నాకు తెలిసింది రాసి కింద సంతకం పెడతాను. ఫారం మీద సంతకం వాళ్లది కదా అని మేం ఏజెంట్లం చెప్పుకునే మాట అందుకే నిలబడదు. ఆ సంతకం బయటికి వస్తే లైసెన్స్ పోతుందని భయపడ్డాను. చెప్పడానికి ధైర్యం చేసేసరికి ఏడాది దాటింది. ఆమె అప్పటికే బండిని ఫైనాన్స్ వాళ్లకు అప్పగించి, పత్తి మిల్లులో కూలికి పోతోంది. నేను చెప్పిందంతా విని, “పిల్లలకు గూడ నువ్వే వచ్చి చెప్పు, వాళ్లు నాయిన అబద్ధమాడిండని అనుకుంటున్నరు” అంది. వెళ్లి చెప్పాను. పెద్దవాడు తలెత్తి చూడలేదు.

ఆ తర్వాత నా పాత జాబితా తీశాను. మూడేళ్లు నిండని పాలసీల్లో తాగేవాళ్లెవరో నాకు గుర్తే. ఒక్కొక్కరి ఇంటికి పోయి, కంపెనీకి రాతపూర్వకంగా తెలియజేద్దాం, ప్రీమియం పెంచవచ్చు, మళ్లీ పరీక్ష అడగవచ్చు అని చెబుతున్నాను. జడ్చర్లలో ఒకాయన నన్ను గేటు దగ్గరే నిలబెట్టి తిట్టాడు. తిట్టడంలో న్యాయం ఉంది. మరొకరు, మూడేళ్లు ఎట్లాగో గడిపేస్తే ఎవడూ ఏం చేయలేడు గదా అన్నారు. ఆ డ్రైవర్ వయసు ముప్పై ఆరు, తనకు రెండేళ్లు కూడా గడవవని అతనికీ తెలియదని చెప్పాను. కొందరు ఒప్పుకున్నారు. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత జీవిత బీమా ప్రీమియం మీద అంతకుముందున్న 18 శాతం జీఎస్టీ తీసేశారు కాబట్టి పెరిగిన రేటు కొంత తేలికైంది.

కొత్తగా రాసేవాళ్లకు రెండు కొటేషన్లూ ముందు పెడతాను. తాగేవాళ్ల రేటుతోనే ఇప్పుడు పాలసీ తీసుకోండి, మానేస్తానన్న ఆశతో బీమాను వాయిదా వేయొద్దు అంటాను. మానేసి కనీసం ఏడాది దాటాక పరీక్షకు నిలబడగలిగితే, కంపెనీ రేటు మారుస్తుందేమో అడగొచ్చు. మార్చకపోతే తక్కువ రేటుకు కొత్త పాలసీ తీసుకుని, అది చేతికొచ్చాకే పాతది వదలొచ్చు. సిగరెట్ పెట్టె మీద ఉండే 1800-11-2356 నంబరుకు ఫోన్ చేస్తే మానడానికి ఉచితంగా సలహా ఇస్తారు. ఆ నంబరు నా డైరీ మొదటి పేజీలో రాసుకున్నాను, ఫారం నింపేటప్పుడు చీటీ మీద రాసి ఇస్తాను.

అచ్చంపేట వైపు ఇళ్లు ఇంకా మిగిలి ఉన్నాయి. ఈ నెలలో అవి పూర్తి చేయాలి.