మియానీ వేసిన ప్యాంటు

మీవాడికి రైల్వేలో క్యారేజ్ అండ్ వ్యాగన్‌లో ఆర్డరు వచ్చిందట గదా వదినా, చాలా సంతోషం. డ్యూటీకి ప్యాంట్లు ఏవి తీసుకోవాలని మావారిని అడిగావట. ఆయన్నేం అడుగుతావు, ఇలా గోడ దగ్గరకొచ్చి నన్నడుగు. ఈ లైన్లో చిరిగిన ప్యాంట్లన్నీ చివరికి నా మిషను మీదకే వస్తాయి. మనిషిని చూడక్కర్లేదు, ప్యాంటు చూసి ఏ డిపార్ట్‌మెంటో చెప్పేస్తాను. మోకాళ్లు అరిగిపోయి, కింది అంచులు గ్రీజు పట్టి గట్టిపడితే క్యారేజ్ వాళ్లది. తొడల మీద ఆవగింజంత చిల్లులుంటే వెల్డింగ్ వాళ్లది. కాళ్ల సందున కుట్టు జానెడు విచ్చుకుపోతే పట్టాల మీద పనిచేసేవాళ్లది.

అంచేత ముందు రంగూ వద్దు, బ్రాండూ వద్దు. వాడు చేసే పనిలో ప్యాంటు ఎక్కడ చిరుగుతుందో చూసుకుని, అక్కడ గట్టిగా ఉండేది వేసుకోవాలి. అలాంటిది షాపులో తగిలించి ఉండదు. బట్ట కొని కుట్టించుకోవాలి.

"ఈ రోజుల్లో ఎవరు కుట్టించుకుంటున్నారు? బుధవారీ బజార్లో బోలెడు జీన్స్ ఉన్నాయిగా" అంటావు. ఉన్నాయి. వాటిలో చాలావాటికి సాగే దారం కలుపుతారు. వేసుకున్న రోజు హాయిగానే ఉంటుంది. వాడి వాడి, వేడినీళ్లలో ఉతికి ఉతికి ఆ సాగే గుణం పోయాక మోకాలి దగ్గర సంచిలా వేలాడుతుంది, తొడ దగ్గర మాత్రం బిగుసుకునే ఉంటుంది. నిఖార్సయిన పాత రకం జీన్సు గట్టిదే, కాదనను. కానీ 12 ఔన్సుల డెనిమ్ అంటే చదరపు మీటరుకు 400 గ్రాముల పైమాటే. మన బిలాస్‌పూర్‌లో మే నెలలో 45 డిగ్రీలు దాటిన ఎండలో, కాలుతున్న పట్టాల పక్కన, ఆ బరువు వేసుకుని వాడు పొద్దంతా తిరగాలా?

ఒక్కసారి వాడి పని ఎలా ఉంటుందో తలుచుకో. కోర్బా వైపు నుంచి వచ్చే బొగ్గు గూడ్సు బండికి 58 వ్యాగన్లుంటాయి, పొడవు అర కిలోమీటరు దాటుతుంది. ప్రతి వ్యాగన్ దగ్గరా గొంతుక్కూర్చోవాలి, టార్చి వేసి బ్రేకు బ్లాకులు, స్ప్రింగులు చూడాలి, లేవాలి, నాలుగడుగులేసి మళ్లీ కూర్చోవాలి. ఒక వైపు అయ్యాక రెండో వైపు. కింద ఉండేది మెత్తని నేల కాదు, 65 మిల్లీమీటర్ల దాకా ఉండే పదును కంకర. మోకాలు ఆనిస్తే బట్ట కోసుకుపోతుంది. కూర్చున్నప్పుడల్లా కాళ్ల సందున లాగుతుంది. ప్యాంటులో నాలుగు కుట్లూ వచ్చి కలిసేది సరిగ్గా అక్కడే. లాగుడంతా ఆ ఒక్క చుక్క మీద పడుతుంది, అది ఎన్నాళ్లు ఆగుతుంది?

దానికి మందు కొత్తదేం కాదు. మగవాళ్ల పైజమాల్లో, మన సల్వార్లలో కాళ్ల మధ్య పలకలాంటి ముక్క వేస్తారు చూడు, ఇక్కడి దర్జీలు మియానీ అంటారు. నాలుగంగుళాల ముక్క చాలు. అది వేస్తే నాలుగు కుట్లూ ఒకచోట కలవవు, లాగుడు నలుదిక్కులా సర్దుకుంటుంది. కాలు ఎంత చాపినా బట్ట కదులుతుంది. ప్యాంటుకి మియానీ వేయమంటే మొదట దర్జీ నవ్వుతాడు. వేయించుకున్నవాడు మాత్రం రెండో జతకి తానే అడిగి వేయించుకుంటాడు.

ఇంకో ముఖ్యమైన సంగతి, మోకాలి ముక్క. రెడీమేడ్‌లో మోకాలికి డబుల్ బట్ట వేసినవి వస్తున్నాయి గానీ, చాలావాటిలో అది నిలబడినప్పుడు మోకాలు ఉండే చోట వేస్తారు. మనిషి మోకాలు ఆనించి కూర్చోగానే ప్యాంటు పైకి లాక్కుంటుంది, నేలకి తగిలే చోటు వేరే అవుతుంది. నేనైతే మనిషిని మోకాళ్ల మీద కూర్చోబెట్టి, నేలకి ఆనిన చోట సుద్దముక్కతో గీత గీస్తాను. ఆ గీతకి పైన జానెడు, కింద జానెడు వచ్చేలా అదే బట్ట రెండో పొర వేస్తాను. కింది అంచు కొంచెం తెరిచి వదిలితే లోపల చేరిన దుమ్ము, రాతిపొడి ఉతికినప్పుడు పోతాయి. ఆ పొడి లోపలే ఉండిపోతే బట్టని లోపల్నుంచి అరగదీస్తుంది.

ఇక బట్ట. ఖాకీ డ్రిల్లు గానీ, మందపాటి కాటన్ ట్విల్ గానీ అడుగు. చదరపు మీటరుకు 250 నుంచి 280 గ్రాములు ఉంటే మన ఎండకీ తట్టుకోవచ్చు, పనికీ ఆగుతుంది. షాపువాడు "ప్యూర్ కాటన్ దీదీ" అనగానే నమ్మేయకు. అంచు నుంచి నాలుగు దారాలు లాగి బయటికొచ్చి అగ్గిపుల్ల వెలిగించు. కాటన్ అయితే కాగితం కాలిన వాసనొస్తుంది, బూడిద వేళ్ల మధ్య పొడైపోతుంది. పాలియెస్టర్ కలిస్తే దారం ముడుచుకుని చివర గట్టి నల్లపూసలా అవుతుంది. ఆ పూస చల్లారాక గోటితో గిల్లి చూడు, రాదు. రేపు వెల్డింగ్ నిప్పురవ్వ పడితే వాడి తొడ మీద అతుక్కునేది అదే. పాలియెస్టర్ 250, 260 డిగ్రీలకే కరుగుతుంది. పట్టాలు అతికే థర్మిట్ వెల్డింగ్‌లో కరిగిన ఇనుము 2000 డిగ్రీలు దాటి ఉంటుంది. కాటన్ కూడా కాలుతుంది, కానీ కరిగి చర్మానికి అంటుకోదు. పాలియెస్టర్ కలిసిన టెర్రికాట్ ప్యాంటు వేసుకుని నిప్పు దగ్గరకి ఎవర్నీ పోనివ్వకు, నీ కొడుకైనా, ఎవరి కొడుకైనా సరే.

అలాగని టెర్రికాట్ పనికిరాదని కాదు. వానాకాలంలో తడిసిన కాటన్ డ్రిల్లు బరువెక్కిపోతుంది, మర్నాటికి ఆరదు, తొడలు ఒరుసుకుని పుండ్లు పడతాయి. పట్టాలు చూసుకుంటూ తిరిగే, నిప్పుతో పనిలేని కీమ్యాన్‌కి ఆ మూడు నెలలు పాలీకాటన్ మేలు. త్వరగా ఆరుతుంది. దారం సంగతీ అంతే. ఫిట్టర్‌కి పాలియెస్టర్ దారంతో మూడు వరసలు కుట్టించు. వెల్డర్‌కి మాత్రం కాటన్ దారమే, లేకపోతే రవ్వ పడ్డచోట కుట్టు కరిగి విడిపోతుంది. వెల్డర్ ప్యాంటు కింద మడత పైకి తిప్పి ఉండకూడదు, నిప్పురవ్వలు వచ్చి అందులోనే కూర్చుంటాయి.

నీకో కథ చెప్పనా? అమెరికాలో నెవాడా రాష్ట్రంలో రెనో అనే ఊళ్లో జేకబ్ డేవిస్ అని ఒక దర్జీ ఉండేవాడు. 1870 చివర్లో ఒకావిడ వచ్చి, మా ఆయన కూలిపని చేస్తాడు, ప్యాంటు ఇట్టే చిరిగిపోతోంది, చిరగనిది కుట్టిపెట్టమంది. ఆయన జేబుల మూలల్లో, లాగుడు పడే చోట్ల, గుర్రాల దుప్పట్లకి వేసే రాగి రివిట్లు కొట్టి ఇచ్చాడు. పేటెంటుకి సొంతంగా డబ్బు పెట్టలేక, బట్ట సప్లై చేసే లీవై స్ట్రాస్‌తో కలిసి 1873 మే 20న పేటెంటు తీసుకున్నాడు. ప్రపంచమంతా వేసుకునే జీన్స్ అలా పుట్టింది వదినా. చూశావా, మొదటి ఆర్డరు ఇచ్చింది ఒక ఇల్లాలే. చిరిగినచోటు ఆవిడకి తెలుసు, ఎందుకంటే ఆ ప్యాంటు ఉతికిందీ, అతుకులేసిందీ ఆవిడే అయ్యుంటుంది గదా!

మా మామగారి రోజుల్లో డ్యూటీ బట్ట కొనుక్కునే బాధ లేదు. అప్పట్లో డిపార్ట్‌మెంటే యూనిఫాం బట్ట ఇచ్చేది. ఇప్పుడు 2017 జులై నుంచి ఏడో పే కమిషన్ ప్రకారం బట్టకి బదులు డ్రెస్ అలవెన్సు. ట్రాక్‌మ్యాన్లకి, రన్నింగ్ స్టాఫ్‌కి ఏడాదికి 5,000 రూపాయలని మొదలుపెట్టారు, డీఏ 50 శాతం పెరిగినప్పుడల్లా ఇది 25 శాతం పెరగాలని కూడా అందులోనే రాశారు. జులై జీతంతో ఒకేసారి పడుతుంది. బట్ట, బూట్లు, ఉతుకు ఖర్చు అన్నీ దాంట్లోనే. డబ్బు జీతంలో కలిసి రావడంతో స్కూలు ఫీజుకో, మరో అవసరానికో పోతుంది. పోకుండా ఎలా ఉంటుంది, జులై గదా! కానీ పిల్లల ఫీజు కట్టి తండ్రి చిరిగిన ప్యాంటుతో వ్యాగన్ కింద దూరితే, ఆ వేలాడే పీలిక ఏ హుక్కుకో తగులుకుంటే? అందుకే ఆ డబ్బు పడ్డ రోజే రెండు ప్యాంట్ల బట్ట పక్కన పెట్టెయ్.

జేబుల గురించి కూడా చెప్పాలి. షాపు ప్యాంటుకి లోపల పల్చటి తెల్లబట్ట వేస్తారు, ముందు చిరిగేది అదే. ప్యాంటు కుట్టే డ్రిల్లుతోనే జేబులూ కుట్టించు. వ్యాగన్ల మీద గుర్తులు రాసే సుద్దకి ఒక చిన్న జేబు, టార్చికి తొడ పక్కన మూతతో ఒక జేబు. ఆన్‌లైన్‌లో వచ్చే ఆరు జేబుల కార్గోలు వద్దు, ఉబ్బిన జేబులు ప్రతిదానికీ తగులుకుంటాయి. వెనక జేబులో స్పానర్ పెట్టుకోవద్దని వాడికి మొదటిరోజే చెప్పు.

మూడో నంబరు క్వార్టర్ పిల్ల ట్రాక్ మెయింటెయినర్‌గా చేస్తోంది, తెలుసుగా. ఆ పిల్ల కష్టం చూస్తే కడుపు తరుక్కుపోతుంది. మగవాళ్ల ప్యాంటు నడుముకి సరిపోతే పిరుదుల దగ్గర పట్టదు, అక్కడ సరిపోయింది తెస్తే నడుము జారుతుంది. ఆడవాళ్ల ప్యాంట్లకేమో జేబులే ఉండవు. వెనక నడుము పట్టీ రెండంగుళాలు ఎత్తుగా పెట్టి, సీటు వదులుగా, లోతు జేబులతో, మియానీ వేసి కుట్టిచ్చాను. ఒంగితే వీపు కనపడుతుందేమోనన్న బెంగ లేకుండా పారపని చేసుకుంటున్నానంది. ఇంతమంది ఆడపిల్లలు పట్టాల మీదకి వస్తున్నారు, వాళ్ల ఒంటికి తగ్గ ప్యాంటు కుట్టడం ఈ ఊరి దర్జీలందరూ నేర్చుకోవాలి.

ఉతకడం నీకు నేను చెప్పక్కర్లేదు గానీ, గ్రీజు మరకకి కిరసనాయిలు రుద్దే అలవాటు మానేద్దాం. వాసన పోయిందనుకుంటాం, నూనె బట్టలోనే ఉంటుంది. అది వేసుకుని నిప్పు దగ్గరకి పోతే ప్రమాదం. గిన్నెలు తోమే సబ్బు ముందు పొడిబట్టకే పట్టించి, కాసేపుంచి, తర్వాత నానబెట్టు. తిరగేసి ఉతుకు. బండ మీద బాదకు, మోకాలి ముక్క పని చేసిన దానికన్నా బాదిన దానికి ఎక్కువ అరుగుతుంది.

ఒక్క మాట అన్నయ్యగారికి చెప్పు. యూనియన్ మీటింగులో మాట్లాడతారుగా. కాంట్రాక్టరు దగ్గర పనిచేసే కుర్రాళ్లకి ఈ అలవెన్సు రాదు. గ్యాస్ కటింగ్ దగ్గర కూడా పాత స్ట్రెచ్ జీన్సే వేసుకుని నిలబడుతున్నారు. ఆ చిల్లులు నేనే అతుకుతున్నాను, కింద చర్మం మీద మచ్చలూ చూస్తున్నాను. టెండరులో హెల్మెట్టు, బూట్లు రాసేచోట కాటన్ ప్యాంటు రెండు జతలని కూడా రాయించమను. నిప్పు పర్మనెంటా, కాంట్రాక్టా అని అడగదు.

మీవాడికి ఒక ప్యాంటుకి మీటరుంపావు సరిపోతుంది, మోకాలి ముక్కకీ మియానీకీ ఇంకో పావు కలిపి మీటరున్నర తీసుకో, వెడల్పు 58 అంగుళాలది. కోరా కాటన్ ఉతికితే మీటరుకి మూడు నాలుగు సెంటీమీటర్లు కుదించుకుపోతుంది గనక ఆదివారం లోపే తెచ్చిచ్చెయ్, రాత్రంతా నానబెట్టి ఆరేశాకే కత్తెర పెడతాను. వాణ్ణి కూడా పంపు, గొంతుక్కూర్చోబెట్టి కొలతలు తీసుకోవాలి.