తెర ప్రక్క నుండి

గత వార్షికోత్సవంలో మేము ప్రదర్శించిన నాటకాన్ని గూర్చి ఎవరమూ ప్రస్తావించరాదని మాలో మాకొక ఒప్పందముండేది. దానిని భంగపరచినది ఒక ఆంగ్ల హాస్యచిత్రం.

దాని పేరు ‘నాయిజెస్ ఆఫ్’. 1992లో పీటర్ బొగ్డనోవిచ్ దర్శకత్వంలో వెలువడింది. మూలం 1982లో లండనులో తొలిసారి ప్రదర్శింపబడిన మైకేల్ ఫ్రేన్ నాటకం. 1970లో ఆయన తన ప్రహసనమొకదానిని తెర ప్రక్క నుండి చూస్తూ, ముందు వైపు కంటే వెనుకవైపే ఎక్కువ నవ్వు పుట్టిస్తున్నదని గ్రహించారట.

కథ స్వల్పం. ఒక బృందం ‘నథింగ్ ఆన్’ అనే ప్రహసనాన్ని ఊరూరా ఆడుతుంది. దాని మొదటి అంకాన్నే మనం మూడుసార్లు చూస్తాము: రిహార్సలులో ఒకసారి, రంగం వెనుక నుండి ఒకసారి, అంతా శిథిలమయ్యాక ముందు నుండి మరొకసారి. పనిమనిషి వేషం ధరించిన కేరల్ బర్నెట్‌కు సార్డీన్ చేపల పళ్ళెం ఎప్పుడు తీసుకుపోవాలో, ఎప్పుడు విడిచిపెట్టాలో గుర్తుండదు. డెన్‌హమ్ ఇలియట్ పోషించిన వృద్ధ నటుడు సీసాతో ఎక్కడ నక్కాడోనని అందరూ వెదకుతుంటారు. రెండవ భాగమే చిత్రానికి ప్రాణం. అవతల ప్రదర్శన సాగుతున్నందున ఇవతల కలహించువారు నోరు విప్పరాదు. గొడ్డలి చేతులు మారుతుంది, చప్పుడు మాత్రం కాదు! కోపంతో ఊగిపోతున్నవాడు సైతం తన వంతు రాగానే తలుపు తీసుకొని రంగం మీదికి పోవలసిందే. చివర బ్రాడ్వేలో విజయం సిద్ధించినట్లు చూపడం మాత్రం మాకు రుచించలేదు.

ఆ రెండవ భాగం వద్దనే మా నవ్వు ఆగిపోయింది.

మా నాటకంలో గ్రామ మునసబు పాత్రను ఉర్దూ మాధ్యమ మిత్రుడొకడు ధరించాడు. తెలుగు సంభాషణలను ఉర్దూ లిపిలో వ్రాసుకొని నెలరోజులు వల్లెవేశాడు. ప్రదర్శన నాడు ఒకచోట తడబడి తెర ప్రక్కకు చూశాడు. ప్రాంప్టింగు పుస్తకం మా చేతిలో ఉంది. తేనీరు ఒలికి రెండు పుటలు అంటుకొన్న సంగతి గమనించక, తరువాతి రంగంలోని వాక్యం అందించాము. దొంగతనం విచారిస్తున్న మునసబు ఉన్నట్టుండి వధూవరులను ఆశీర్వదించాడు! సభ గొల్లుమన్నది. దొంగ వేషధారి కూడా నవ్వాపుకోలేకపోయాడు. తెర దించక తప్పలేదు.

“తెలుగు నోరు తిరగనివాడికి ఆ వేషమెందుకిచ్చారు?” అన్నారు మరునాడు. మేము ఖండించలేదు. పుస్తకాన్ని పెట్టె అడుగున దాచాము.

హాస్టలు గదిలో ఈ చిత్రం చూచిన రాత్రి అతడు మా ప్రక్కనే కూర్చుండి అందరికంటే బిగ్గరగా నవ్వాడు. ముగిశాక పుస్తకం తీసి అతని ముందుంచాము. అంటుకొన్న పుటలను గోటితో మెల్లగా విడదీశాడు.

“ఆ వాక్యం నాది కాదని ఆనాడే తెలుసు భాయ్” అన్నాడు.

“తెలిసీ ఎందుకు పలికావు?”

“మీరు అందించారు. నేను పలికాను.”

ఆనాడు సభలో నవ్వినవారందరూ ఈ సంచిక చదువుతారు గనుక, పుస్తకం ఎవరి చేతిలో ఉన్నదో ఇక్కడ వ్రాస్తున్నాము.